సీడీ 100 ట్యాంకు లోపలంతా జంగు: యాసిడ్ పొయ్యాల్నా, కొత్త ట్యాంకు కొనాల్నా?

సీడీ_కల్వకుర్తి:

అన్నలందరికీ నమస్తే. మాది కల్వకుర్తి పక్కన ఊరు. మా చిన్నాయన హీరో హోండా సీడీ 100, ఏపీ 22 నంబరుది, కొట్టంల రేకుల కింద ఏండ్ల సంది నిలబడి ఉన్నది. ఆయన బొంబాయిల పనికి పోయి అక్కడ్నే ఇల్లు చేసుకున్నడు. మొన్న దసరాకు వచ్చినప్పుడు "నాకెందుకురా ఇగ, నువ్వే తోలుకో" అని తాళం చెయ్యి నా చేతుల పెట్టిండు. ఆర్సీ రెన్యువల్ పని నడుస్తున్నది, దాని గురించి కాదు ఈ పోస్టు.

ఇంజను బాగనే ఉన్నది. సెలైన్ సీసాల పెట్రోలు పోసి, పైపు నేరుగ కార్బొరేటర్‌కు పెట్టి కొడ్తే అందుకున్నది. లొల్లి అంత ట్యాంకుతోనే. మూత తీసి మొబైల్ లైటు కొట్టి చూసిన. పైకప్పు అంత పొక్కులు పొక్కులుగ ఎర్రగ ఉన్నది. అడుగున నల్లటి జిగట, ముక్కు పగిలే వాసన. పాత పెట్రోలు గ్లాసుల వంపితే టీ డికాషన్ రంగుల ఉన్నది, కింద ఇసుక దిగింది.

మా ఊరి మెకానిక్ కొత్తది కొను అంటడు. బయట దొరికే డూప్లికేట్ ట్యాంకుకు ఆ పాత గీతలు, ఆ స్టిక్కరు రావు కదా. ఇంకో ఆయన యాసిడ్ పోసి కడుగు అన్నడు. పెయింటు పోవద్దు, ట్యాంకు దక్కాలె. ఎవరన్న చేసినోళ్లు ఉంటే చెప్పండి.

నల్లగొండ_పల్సర్:

ఇంతదానికి ఇంత పెద్ద పోస్టా భాయ్. బాత్‌రూం కడిగే యాసిడ్ ఒక సీసా పొయ్యి, పావుగంట అటూ ఇటూ ఊపు, నీళ్లు కొట్టు, ఖతం. లోపల అద్దం లెక్క అయితది.

దేవరకొండ_షెడ్డు:

తమ్మీ కల్వకుర్తి, జర ఆగు. ఆ సీసా మూత ఇప్పుడే తియ్యకు.

పైన తమ్ముడు అబద్ధం చెప్పలేదు. ఆ యాసిడ్ జంగును తీస్తది, పావుగంటల్నే తీస్తది. కాని జంగు కాడ ఆగదు. జంగు అయిపోయినంక రేకును పట్టుకుంటది. పాత ట్యాంకు రేకు ఎంత మిగిలిందో పైనుంచి ఎవరికీ తెల్వదు, పెట్రోలు కారినంకనే తెలుస్తది. పైగ ఆ యాసిడ్‌ల క్లోరైడు ఉంటది. అది అతుకు సందులల్ల దాక్కుంటే ఎంత కడిగినా మొత్తం రాదు. కొన్నొద్దులకు అదే సందు కాడ మళ్ల జంగు మొదలైతది. దాని పొగకు గోడకు తగిలేసిన స్పానర్లు కూడ ఎర్రబడ్తయి, అందుకే మా షెడ్డుల దాన్ని రానియ్య. ఇంకొకటి, అది బ్లీచింగు పౌడరుతోని కలిసిందనుకో, క్లోరిన్ గ్యాసు లేస్తది. ఊపిరి ఆడక దవాఖానల పడ్తవు.

ఈ బండి 1985ల మార్కెట్‌కు వచ్చినప్పుడు కంపెనోళ్లు "ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్‌గెట్ ఇట్" అని ప్రకటన ఇచ్చిండ్రు. మీ చిన్నాయన మూడో ముక్కను గట్టిగ పట్టుకున్నడు.

సరే, పనికి వద్దాం. ముందుగాల ట్యాంకు దించి బోర్లేసి అడుగు చూడు. ట్యాంకు ఫ్రేము మీద కూసునేటందుకు అడుగున నడుమ వంపు ఉంటది, దానికి చెరో పక్క ఒక గుంత. పెట్రోల్ కాక్, అంటే పెట్రోలు బంద్ చేసే నల్లా, ఒక్క పక్కనే ఉంటది. కాక్ ఉన్న పక్క నీళ్లు ఎప్పుడో ఒకప్పుడు కార్బొరేటర్ల దిగి పోతయి. కాక్ లేని పక్క గుంతల నీళ్లకు పోయే తొవ్వ లేదు, అక్కడ్నే కూసుండి రేకును తింటయి. నేను చూసిన కారే ట్యాంకులల్ల చాలావరకు తూటు ఆ పక్కనే పడ్డది. అక్కడ పెయింటు బుడగ లేచిందా చూడు, బొటనవేలుతోని నొక్కు. రేకు లోపలికి పోతున్నట్టు అనిపిస్తే కడుగుడు పని ఆపి ముందు నాకు చెప్పు.

గట్టిగ ఉంటే, కాక్ విప్పెయ్యి. గేజి ఫ్లోట్ ఉంటే అది కూడ తియ్యి. నిమ్మ ఉప్పు అయినా, వెనిగర్ అయినా కాక్ బాడీని తినేస్తది, అందుల ఉన్నది ఇనుము కాదు. కాక్ తీసిన బొక్కకు మూత నువ్వే చేసుకోవాలె. రెండు బోల్టుల కాక్ అయితే రేకు ముక్క కోసి, దాని కింద పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బిగించు. ఒక్క నట్టు తీరుది అయితే లోపల రబ్బరు బిళ్ల పెట్టి మూసెయ్యి. మామూలు నీళ్లు పోసి ఒక గంట చూడు, కారొద్దు.

ఇప్పుడు అందరు మర్చిపోయే సంగతి. ఆ నల్ల జిగట పాత పెట్రోలు ఎండి వార్నిష్ అయింది. అది జంగు మీద పొరగ ఉన్నంతసేపు నువ్వు ఏ పులుపు పోసినా లోపలికి దిగదు, మీద మీద పోతది. "నిమ్మ ఉప్పు పోసినం, ఏం కాలేదు" అని నా కాడికి వచ్చేటోళ్ల కత ఇదే. అందుకని ముందు వేడి నీళ్లల్ల బట్టల సోడా, సర్ఫు కలిపి పొయ్యి. రాత్రంత ఉంచు. పొద్దుగాల ఊపి వంపు. వాసన పోయేదాక, నీళ్లు వేలికి జిడ్డు తగలకుండ వచ్చేదాక మళ్ల మళ్ల చెయ్యి. మొండికేస్తే కొంచెం థిన్నరు పోసి ఊపి తియ్యి, కాని ఆరుబయట, బీడీ సిగరెట్టు లేకుండ. ఆ తర్వాత మళ్ల సర్ఫు నీళ్లు.

పొక్కులు రాలనీకి లోపల ఏమన్న వెయ్యాలె. కొందరు కంకర వేస్తరు, కొందరు మేకులు. నేను పాత టైమింగ్ చైను ముక్క వేస్త. దాని చివరకు బైండింగ్ వైరు కట్టి, వైరు కొస మూత బొక్క నుంచి బయటికి ఉంచుత. గుంజితే వస్తది. నట్లు వేస్తే మాత్రం లెక్కబెట్టి వెయ్యి, లెక్కబెట్టి తియ్యి. ఒకటి లోపల ఉండిపోతే బండి నడిచినన్ని రోజులు గంట కొడ్తది. ట్యాంకును గొంగడిల సుట్టి ఊపితే పెయింటుకు గీత పడదు. చేతులు గుంజుతయి, ఇంట్ల ఇద్దరు ముగ్గురు ఉంటే వంతులేసుకోండి. స్లాబులు పోసే మిల్లరుకు కట్టి తిప్పేటోళ్లు కూడ ఉన్నరు. నాకైతే ఆ పద్ధతి నచ్చదు, తాడు జారితే చొట్ట పడ్తది.

తర్వాత నిమ్మ ఉప్పు. కిరాణం దుకాణంల కిలో లెక్క దొరుకుతది. లీటరు వేడి నీళ్లకు 60 నుంచి 80 గ్రాములు వేసి కలుపు. ట్యాంకు గొంతు దాక నింపు. సగం నింపితే పైకప్పు అట్లనే ఉంటది, నీ జంగు పైకప్పుకే ఎక్కువున్నది. నింపకముందే మూత చుట్టు పెయింటు మీద గ్రీజు మందంగ పూసి, మీద పాలిథిన్ కవరు అతికించు. ఒక్క చుక్క కారి పెయింటు మీద ఎండినా మచ్చ ఉండిపోతది. మూత బిగించొద్దు, ఊరికె మీద పెట్టు. లోపల బుడగలు లేస్తయి, అది హైడ్రోజన్, మండుతది. అందుకే వంటింట్ల పెట్టకు.

రాత్రంత ఉంచి పొద్దుగాల లైటు కొట్టి చూడు. నీళ్లు పచ్చపచ్చగ అయి, రేకు బూడిద రంగుకు వస్తే పని అయినట్టే. ఇంకా ఎరుపుంటే ఆ నీళ్లు వంపి కొత్తయి కలిపి పొయ్యి. "ఇంకో రెండు రోజులు ఉంటే ఇంకా మంచిగైతది" అనుకోకు. నిమ్మ ఉప్పు మెల్లగ తింటది గాని, అది కూడ తినేదే.

ఇక్కడిదాక ఎవరన్న చేస్తరు. ట్యాంకు దక్కేది, పోయేది ఈ తర్వాతి గంటల. నీళ్లు వంచినంక రేకు మీద ఏ కాపలా లేదు. నువ్వు చూస్తుండంగనే మూత అంచు కాడ నారింజ రంగు మచ్చ లేస్తది, అది లోపలికి పాకుతది. టీ తాగొచ్చి చూద్దామంటే మొత్తం పసుపు పడి ఉంటది. అందుకని నీళ్లు వంచకముందే అన్ని సామాన్లు పక్కన పెట్టుకో: వంట సోడా, మరిగే నీళ్లు, గాలి, పెట్రోలు, ఇంజనాయిల్. మబ్బు రోజు ఈ పని పెట్టుకోవద్దు. మన దిక్కు మే నెల ఎండ దేనికీ పనికిరాదంటరు గని, దీనికి మస్తు పనికొస్తది.

వంపినవా, వెంటనే వంట సోడా నీళ్లు, ట్యాంకుకు ఒక గుప్పెడు సోడా. పులుపు చస్తది. తర్వాత కడిగేది బోరు నీళ్లతోని కడగకు. మన నల్లగొండ జిల్లా బోరు నీళ్ల సంగతి నీకు చెప్పేదేముంది, ఫ్లోరైడు ఒక్కటే కాదు, ఉప్పులన్నీ ఉంటయి. ఆరినంక లోపల తెల్లపొడి మిగుల్తది, అది పోయి కార్బొరేటర్ జెట్టుల, అంటే పెట్రోలు దిగే సన్న రంధ్రంల, ఇరుకుతది. మీ పాలమూరు దిక్కు కూడ చాలా ఊర్లల్ల అంతే. ఫిల్టర్ ప్లాంటు క్యాను నీళ్లు తెచ్చి, మరగబెట్టి, ఆ వేడి నీళ్లతోని ఆఖరుసారి కడుగు. రేకు వేడెక్కితే దానంతట అదే సగం ఆరుతది.

మిగిలిన తడి గాలికి. పంక్చర్ దుకాణం కంప్రెసర్ వాడుతే, ముందు దాని ట్యాంకు అడుగున నట్టు విప్పి నీళ్లు వదులుమని చెప్పు. లేకపోతే ఆరబెట్టనీకి పోయి లోపలికి నీళ్లు కొట్టించుకుంటవు. హెయిర్ డ్రయర్ ఉన్నా సరిపోతది. కాని ఒకటి: హెయిర్ డ్రయర్ పెట్రోలు పొయ్యకముందే. ట్యాంకుల పెట్రోలు వాసన ఉన్నంతసేపు ఆ డ్రయర్‌ను దగ్గరికి రానియ్యకు, లోపల దాని తీగ ఎర్రగ కాలుతుంటది.

ఆరిన వెంటనే పావు లీటరు పెట్రోల్ల కొంచెం ఇంజనాయిల్ కలిపి పోసి, ట్యాంకును అన్ని దిక్కుల తిప్పు. పైకప్పుకు కూడ అంటాలె. వంపేసి, అదే రోజు గొంతు దాక పెట్రోలు నింపు. మొదట్ల కొద్దిగ పొగ వస్తది, పట్టించుకోకు.

ఆఖరుకు మూత రబ్బరు కొత్తది వెయ్యి. నీళ్లు ఆకాశం నుంచి నేరుగ రాలేదు, ఎండి పగిలిన ఆ రబ్బరు నుంచే దిగినయి. అది మార్చకపోతే వచ్చే వానాకాలం మళ్ల ఇదే పోస్టు పెడ్తవు.

నల్లగొండ_పల్సర్:

అన్నా, నాకు తెల్వక చెప్పిన గని, నా బండికి అట్లనే చేస్తే ఏం కాలేదు మరి!

దేవరకొండ_షెడ్డు:

కాక్ లేని పక్క వేలు పెట్టి నొక్కి చూడు తమ్మీ, తర్వాత మాట్లాడుదాం.

జడ్చర్ల_ఐటీఐ:

షెడ్డు అన్న చెప్పింది బాగుంది. నేను ఎలక్ట్రికల్ చెప్తాను పిల్లలకు, కాబట్టి నా పద్ధతి కరెంటుది. జంగు మందంగా ఉండి రేకు పల్చగా ఉన్నప్పుడు ఇదే మేలు. ఎందుకంటే ఇది మంచి ఇనుమును తినదు, జంగు మీద మాత్రమే పని చేస్తుంది.

ట్యాంకు నిండా నీళ్లు, లీటరుకు ఒక చిన్న చెంచా బట్టల సోడా. మూత బొక్కలో నుంచి ఒక ఇనుప సలాక దింపాలి. స్లాబుకు వాడే రాడు ముక్క చాలు. అది ఎక్కడా ట్యాంకును తగలకూడదు. అందుకు బొక్క దగ్గర రబ్బరు బిరడా పెట్టి, దాని నడుమ నుంచి సలాకను దించండి. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు తీసుకుని మైనస్ క్లిప్పు ట్యాంకుకు, ప్లస్ క్లిప్పు సలాకకు పెట్టాలి. ఇది తారుమారైతే జంగుకు బదులు మీ ట్యాంకే కరుగుతుంది. కొత్తరకం ఆటోమేటిక్ చార్జర్లు కొన్ని ఎదురుగా బ్యాటరీ కనపడకపోతే పని చేయవు, పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ చార్జరు వెతకండి.

రెండు మాటలు మాత్రం గట్టిగా చెప్తున్నా. సలాకకు బదులు స్టీలు గరిటె, స్టీలు రాడ్డు వద్దు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఉండే క్రోమియం నీళ్లలోకి దిగి విషపు పదార్థంగా మారుతుంది. సోడాకు బదులు తినే ఉప్పు కూడా వద్దు, క్లోరిన్ వస్తుంది. బుడగలుగా లేచేది ఇక్కడా హైడ్రోజనే. కాబట్టి చేసేది ఆరుబయట, క్లిప్పులు తీసేముందు చార్జరు ప్లగ్గు పీకాలి. నిప్పురవ్వ ఒక్కటి చాలు.

సలాక మీద బురద పేరుకుంటుంది, మధ్యమధ్యలో తీసి గీకాలి. సలాకకు ఎదురుగా ఉన్నచోట బాగా పని చేస్తుంది, మూలలకు అంతగా అందదు. అందుకే ఆఖరులో షెడ్డు అన్న చెప్పిన నిమ్మ ఉప్పు ఒకసారి పోస్తే సరిపోతుంది.

ఇంకొక సంగతి. ఆ బండి తయారైన కాలంలో పెట్రోలులో ఇథనాల్ కలిపేవారు కాదు. మన దేశంలో 2022లో అది 10 శాతానికి, 2025కు 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను గుంజుకుంటుంది. నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. అంటే కాక్ లేని పక్క గుంతలోకే. రోజూ తిరిగే బండికి ఇది పెద్ద సమస్య కాదు. నెలల తరబడి నిలబెట్టే బండికి మాత్రం సగం ట్యాంకు చాలా చెడ్డది. నింపితే గొంతు దాకా నింపండి, లేదంటే మొత్తం తీసేసి లోపల నూనె పట్టించండి. పాత రబ్బరు పైపులు కూడా ఈ పెట్రోలుకు గట్టిపడి పగులుతాయి, అవి మార్చండి.

సీడీ_కల్వకుర్తి:

షెడ్డన్నా, జడ్చర్ల సార్, చాలా థ్యాంక్స్. సోడా, సర్ఫు, చైను, నిమ్మ ఉప్పు అన్ని అయినయి. నలుపు దిగినంక జంగు ఊడుడు చూస్తే భయమైంది, అంత రాలింది. లోపల ఇప్పుడు బూడిద రంగు. పెయింటు, స్టిక్కరు భద్రంగ ఉన్నయి.

కాని అన్నా, మీరు అన్నట్టే కాక్ లేని పక్క అడుగున రెండు చెమట చుక్కల్లాంటి తడి మచ్చలు కనపడ్తున్నయి. నూనె పట్టించినంక పెట్రోలు నింపిన, అప్పుడు బయటపడ్డయి. ఎంసీల్ పెట్టాల్నా? మా ఊర్ల గ్యాస్ వెల్డింగ్ దుకాణం ఉన్నది, "ఐదు నిమిషాల పని, తీస్కరా" అంటున్నడు.

దేవరకొండ_షెడ్డు:

ఆ వెల్డింగ్ దుకాణం దిక్కు పోకు. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, నిండు ట్యాంకు కంటె. పెట్రోలు కనపడదు గని ఆవిరి అతుకులల్ల ఉంటది, కడిగినా ఉంటది. మంట తగిలితే ట్యాంకు పేల్తది. ఐదు నిమిషాల పని అన్నోని చేతుల అసలే పెట్టకు.

ఎంసీల్ బయటనుంచి పెడితే కొన్నాళ్లు ఆగుతది, పెట్రోలు దాని అంచు కింది నుంచి మెల్లగ పాకి మళ్ల కారుతది. ఊరికి చేరేదాక పనికొస్తది, అంతే.

ట్రాక్టర్ల రేడియేటర్లు చేసేటోళ్లు కల్వకుర్తిల లేకుంటే దేవరకొండల, మిర్యాలగూడల ఉంటరు. వాళ్లు మంట ట్యాంకుకు పెట్టకుండ, రాగి మొన ఉన్న కాడను వేరే పొయ్యి మీద కాల్చి, దాంతోని టంకం పెడ్తరు. సూది మొనంత తూట్లకు అది శాన ఏండ్లు నిలుస్తది. పోయేముందు పెట్రోలు మొత్తం తీసి, సర్ఫు నీళ్లతోని ఇంకోసారి కడిగి, నీళ్లు నింపే తీస్కపో. ఆ రెండు చుక్కల కాడ తప్ప మిగతా అంత నీళ్లుండాలె, అట్ల పట్టుకునేటట్టు చూడు. టంకం అయినంక మళ్ల ఆరబెట్టుడు, నూనె పట్టించుడు తప్పదు.

లోపల పోసే ఎపాక్సీ లైనింగు గురించి కూడ ఎవరో ఒకరు చెప్తరు. అది మంచిదే, కాని లోపల ఒక్క చోట నూనె, జంగు ఉన్నా అక్కడ పట్టదు. నువ్వు ఇప్పటికే నూనె పట్టించినవు. నెలలకు పొరలు లేచి కాక్‌కు అడ్డం పడితే దాన్ని తీసుడు జంగు కంటె కష్టం. రెండు తూట్లకు అది ఎందుకు. అడుగు మొత్తం జల్లెడ అయితే అప్పుడు ఆలోచించు.

సీడీ_కల్వకుర్తి:

టంకం పెట్టించిన అన్నా. దేవరకొండలనే. రాత్రంత కాగితం మీద పెట్టి చూసిన, కాగితం పొడిగనే ఉన్నది. మూత రబ్బరు, పైపు కొత్తయి వేసిన.

బండి నడుస్తున్నది. కాని స్లోల నిలుస్తలేదు, యాక్సిలేటర్ వదిల్తే బంద్ అయితున్నది. చోకు గుంజితే నిలబడ్తది.

దేవరకొండ_షెడ్డు:

చోకుకు నిలబడితే పెట్రోలు తక్కువ వస్తున్నట్టు. కడిగినంక మిగిలిన సన్నపొడి, స్లోల పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్టుల ఇరికి ఉంటది. కార్బొరేటర్ గిన్నె విప్పి, ఆ జెట్టు తీసి వెలుతురుకు పెట్టి చూడు. సన్న రంధ్రం గుండ్రంగ కనపడాలె. క్లచ్ వైరు పోగు ఒకటి తీసి మెల్లగ పొడువు, గట్టిగ గీకకు, రంధ్రం పెద్దదైతే మైలేజీ పోతది. గాలి కొట్టు. పైపుకు నడుమ పారదర్శకంగ ఉండే ఫిల్టరు ఒకటి వెయ్యి, కాని పంపు ఉన్న బండ్లది కాదు. మనది పైనుంచి కిందికి దిగే పెట్రోలు, ఆ ఫిల్టర్ల నుంచి సరిగ దిగదు. పైపు ఎక్కడా పైకి లేవకుండ కిందికే వాలి ఉండాలె. మొదటి నెల ఆ ఫిల్టరు అడుగు చూస్తుండు, ఎరుపు వస్తే మార్చెయ్యి.

ఇంకొకటి, ఆ నిమ్మ ఉప్పు నీళ్లు కొట్టంల కుడితి తొట్టి పక్కన పొయ్యలేదు కదా?

సీడీ_కల్వకుర్తి:

లేదన్నా, ఇంటెనుక గుంత తవ్వి పోసిన. పైలట్ జెట్టు అదే, పూర్తిగ మూసుకుపోయి ఉండె. ఇప్పుడు స్లోల మంచిగ నిలబడ్తున్నది. పాత పెట్రోలు క్యాన్ల ఉన్నది, దాన్ని ఏం చెయ్యాలె?

దేవరకొండ_షెడ్డు:

బండిల పొయ్యకు, చెత్త అంటబెట్టనీకి వాడకు, మోరిల పొయ్యకు. ఇనుప డబ్బల పోసి మూత బిగించి, కల్వకుర్తి వచ్చినప్పుడు ఏదన్న పెద్ద షెడ్డుల అడుగు. పాత ఇంజనాయిల్ కొనుక్కపోయేటోళ్లు వాళ్ల కాడికి వస్తరు, వాళ్లకు అప్పజెప్పు.